కీర నూడుల్స్, ఒక గుమ్మడికాయ వేలం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహా సంగ్రామం. ఇందులో రెండు కుటుంబాలు ఊరంతా చూస్తుండగా ఎదురెదురుగా నిలబడతాయి. ఒక అన్న సొంత చెల్లెలికి కఠినమైన షరతు పెడతాడు. ఒక తండ్రి, ఒక కొడుకు ఒకే మైదానంలో చెరో వైపు మోహరిస్తారు. తెల్లని వస్త్రం మీద ఎర్రటి చుక్కలు పడతాయి.

ఇది చదివి మీరు నిటారుగా కూర్చుంటే దయచేసి మళ్లీ ఒరగండి. ఆ కుటుంబాలు పోటీ పడింది గుమ్మడికాయ కోసం. ఆ చుక్కలు బీట్‌రూట్‌వి. నేను చెప్పేది కీర దోసకాయను సన్నని దారాల్లా తరిగి నూడుల్స్ అని పిలిచిన ఒక షాపు సంగతి. అందులో నేను వంటవాడిని. ఆ వృత్తి నుంచి రిటైరయ్యేసరికి నాకు ఇరవై ఏడేళ్లు. నా అనుభవం మీకు పనికొస్తుందని చెప్పలేను గాని, అనుభవం ఉన్నవాళ్లు రాయాలంటారు కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న కరీంనగర్‌లో పెళ్లిళ్లకు బిర్యానీ చేస్తాడు. మేం అబ్బా అని పిలుస్తాం. ఆయన లెక్కలో వంట అంటే మంట. కట్టెలు ఎట్లా పేర్చారో చూసి వంటవాడి ఖాందాన్ చెప్పగలనంటాడు. అలాంటి మనిషి కొడుకు పొయ్యి లేని షాపులో వంటవాడిగా చేరడం, ఈతగాడి కొడుకు బావి పూడ్చే పనికి కుదిరినట్టే.

ఆ షాపు మా అక్కది. అక్క అంటే తోబుట్టువు కాదు, యజమానురాలు. మేడం అంటే పలికేది కాదు. మంథని దగ్గరి ఒక పల్లెలో చర్చి వాళ్ల ఇంట పుట్టి, నర్సు చదివి, చాలా ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసింది. అందులో ఎక్కువ భాగం నైట్ డ్యూటీలే. ఆ రాత్రుల్లో తిండంటే ఫ్లాస్కులో వేడినీళ్లు, ప్యాకెట్ నూడుల్స్. హాస్టల్ గదిలో అక్కతో పాటు ఈశాన్య కొండల నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేదట. డ్యూటీ దిగి వచ్చాక ఆమె పచ్చి బొప్పాయిని సన్నగా చీరి, పల్లీలు, మిరపకాయ, నిమ్మరసం వేసి కలిపి పెట్టేది. రాత్రంతా మెలకువగా ఉన్న నాలుకకు అది తగలగానే ప్రాణం లేచొచ్చేదని అక్క చెప్పేది. నౌకరీ మానేసి షాపు పెట్టడానికి ఇదేనా కారణం అని అడిగితే, ఇంతకన్నా చిన్న కారణాలకు జనం పెళ్లిళ్లే చేసుకుంటున్నారు గదా తమ్మీ అంది.

షాపు గది వాళ్ల అన్నది. ఎదురుగా ఒక సర్కారీ ఆఫీసు. బయట అక్క ఒక బోర్డు పెట్టించింది: పచ్చి కూరగాయల నూడుల్స్. పొయ్యి లేదు, పాలు లేవు, గుడ్లు లేవు, మాంసం లేదు. రోడ్డున పోయేవాళ్లు ఆగి, బోర్డు పూర్తిగా చదివి, పాపం సామాను అయిపోయినట్టుంది అనుకుని వెళ్లిపోయేవారు. లోపలికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే, జిరాక్స్ ఉందా అని. ఆఫీసుకు దరఖాస్తులు పట్టుకొచ్చే జనం మరి. లేదని చెబితే, మరేముంది అనేవారు. అప్పుడు నేను మెనూ చెప్పేవాణ్ని. వాళ్లు నా వైపు చూసే చూపులో జాలి ఉండేది.

నన్ను పనిలో పెట్టుకున్నప్పుడు అక్క అడిగింది, వంట వస్తుందా అని. రాదన్నాను. మంచిది, వచ్చినోళ్లతోనే పరేషాన్ అంది. ఆ పరేషాన్ ఏమిటో నాకు తర్వాత తెలిసింది.

మాతో పాటు ఇంకొకామె ఉండేది. ఆసిఫాబాద్ వైపు ఒక పిల్లల హాస్టల్‌లో జీవితమంతా వండి, కూతురి దగ్గరికి కరీంనగర్ వచ్చింది. అందరం పెద్దమ్మ అనేవాళ్లం. మొదటి రోజు ఆమె వంటగదంతా తిరిగి, బల్లల కింద వంగి చూసి, అక్కను అడిగింది.

"పొయ్యేది బిడ్డా?"

"పొయ్యి లేదు పెద్దమ్మా. మనం ఏదీ ఉడకబెట్టం."

పెద్దమ్మ గొంతు తగ్గించింది. "సావైన ఇంట్ల గదా పొయ్యి ముట్టియ్యంది. మనింట్ల ఎవలు పోయిండ్రు?"

ఎవరూ పోలేదని నమ్మించడానికి మాకు వారం పట్టింది. ఆ తర్వాత కూడా ఆమె పొద్దున రాగానే మూలన ఒక అగరుబత్తి వెలిగించేది. ఎక్కడో ఒక చోట నిప్పు ఉండాలి గదా అనేది.

పని చెబుతాను, కొంచెమే. చేత్తో తిప్పే చిన్న మిషన్ ఒకటి ఉండేది. కీరనో సొరకాయనో క్యారెట్‌నో బీట్‌రూట్‌నో అందులో బిగించి తిప్పితే పొడుగాటి దారాలు వస్తాయి. పచ్చి బొప్పాయిని మాత్రం కత్తితో చీరేవాళ్లం. నానబెట్టిన పల్లీలు, నువ్వులు, అల్లం, పచ్చిమిర్చి, బెల్లం రుబ్బి చింతపండు రసంలో కలిపితే సాసు. చివర నిమ్మకాయ, కొత్తిమీర. సోయా సాసు కూడా ఉండేది గాని, అది ఎక్కడో ఎవరో ఉడికించిందే గదా అని అక్కకు అనుమానం వచ్చి తీసేసింది. బెల్లం కూడా ఉడికిందేనని మేం ఆమెకు గుర్తు చేయలేదు. మిషన్ తిప్పేది నేను. ప్లేటులో సర్దేది పెద్దమ్మ. ఆమె చేతులకు సకినాలు తిప్పే అలవాటు ఎంత ఉందంటే, నూడుల్స్‌ను చుట్టలు చుట్టలుగా, ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చేది. తినేవాడు మొదటి పోగు పట్టుకుని లాగితే ప్లేటంతా లేచి వచ్చేది.

పెద్దమ్మకు మా దగ్గర ఉన్న ఒకే బాధ, పోపు లేకపోవడం. పోపు పెట్టని కూరను ఆమె కూరగా గుర్తించేది కాదు. బట్టలు తొడగకుండా పిల్లను బడికి పంపినట్టుంది బిడ్డా అనేది. ఒకరోజు అక్క బజారుకు పోయినప్పుడు పెద్దమ్మ పక్క చాయ్ కొట్టుకు వెళ్లి, గంటెడు నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేయించుకొచ్చి గిన్నెలో ఉన్న నూడుల్స్ మీద పోసింది. చుయ్యిమంది. ఆ చప్పుడు మా షాపులో వినడం అదే మొదలు. వాసనకు రోడ్డు మీది జనం లోపలికి తొంగి చూశారు. ఆ రోజు సరుకంతా అమ్ముడుపోయింది. అక్క తిరిగి వచ్చి వాసన చూసింది. ఖాళీ గిన్నె ముందు కూర్చుని, జనం నా నూడుల్స్ తిన్నరా, పెద్దమ్మ పోపు తిన్నరా అని నన్ను అడిగింది. అబద్ధం చెప్పాలంటే ఆలోచించుకునే సమయం కావాలి. నాకు ఇవ్వలేదు. మరునాటి నుంచి పెద్దమ్మ షాపులో పోపు ఊసెత్తలేదు. కానీ ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి కొంగు చివర మూటగట్టుకుని తిరిగేది. సైనికుడు సెలవులో కూడా తుపాకీ మోస్తాడు చూడండి, అట్లా.

ఇట్లా నడుస్తుండగా, నడుస్తుండగా అనకూడదు, కుంటుతుండగా, అక్క వాళ్ల అన్న వచ్చాడు. మంచి మనిషి. ఊళ్లో వ్యవసాయం, చర్చి కమిటీ పనులు చూస్తాడు. చెల్లెలంటే ప్రాణం, అందుకే అద్దె అడగలేదు. కానీ ఆయన కూర్చున్న కాసేపట్లోనే ముగ్గురు వచ్చి జిరాక్స్ ఉందా అని అడిగారు. మనిషి అన్నాక ఆశ పుడుతుంది.

"చూడు చెల్లె," అన్నాడు. "కోత పండుగకు నీ నూడుల్స్ మనూరికి పట్టుకరా. మనోళ్లకు పెట్టు. ఒక్కరన్న రెండోసారి పెట్టించుకున్నరనుకో, గది నీదే. లేకుంటె పండుగ కాంగనే జిరాక్స్ మిషన్ దించుత."

అక్క సరే అంది. అంత తేలిగ్గా సరే అన్నవాళ్లను చూస్తే నాకు భయం. అక్క నైట్ డ్యూటీ తెల్ల బూట్లు షాపు అటక మీద పేపర్లో చుట్టి ఉండేవి. పండుగకు ముందురోజు నేను వచ్చేసరికి అవి కడిగి, మెట్ల మీద ఎండకు ఆరబెట్టి ఉన్నాయి. గది పోతే మళ్లీ ఆసుపత్రికేనని అర్థమైంది. పెద్దమ్మ మాత్రం వాటిని చూసి, నీడ పడ్డాక ఇంకో మెట్టు మీదికి, ఎండలోకి జరిపి, మళ్లీ ఎందుకో నీడలోకే జరిపింది.

పండుగ రోజు టెంపోలో మూడు పెద్ద టబ్బుల నూడుల్స్, డబ్బాల్లో సాసు పెట్టుకుని పెద్దపల్లి మీదుగా ఆ ఊరు చేరాం. చర్చి ముందు వరి కంకులు, సొరకాయలు, బీరకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక మేకపోతు, అన్నీ దేవునికి తెచ్చిన మొదటి పంట. పచ్చి కూరగాయలకు అంత మర్యాద నేను మా షాపులో ఎన్నడూ చూడలేదు. షామియానా అవతల పొగ లేస్తోంది. ఆ పొగ నాకు తెలుసు. పండుగ విందుకు మటన్, బగారన్నం, తెల్లన్నం చేయడానికి కమిటీ వాళ్లు పిలిచింది అబ్బానే. ఆయన మా టబ్బుల మీది తడిగుడ్డ ఎత్తి చూసి, ఉర్దూలో ఒక మాట అన్నాడు. తెలుగులో చెప్పాలంటే, దావత్‌కు వచ్చినవా, మేకకు మేత తెచ్చినవా అని. రెండింటికీ అన్నాను. ఆయన నవ్వలేదు. నవ్వితే మంట తగ్గుతుందని ఆయన నమ్మకం.

మా పనిలో ఒకే ఒక్క గట్టి నియమం ఉంది. పోగులు వేరుగా, సాసు వేరుగా ఉండాలి, జనం తినడానికి బంతిలో కూర్చున్నాకే కలపాలి. సాసులో ఉప్పుంటుంది. ఉప్పు తగిలితే కీర తన లోపలి నీళ్లన్నీ వదిలేస్తుంది.

ప్రార్థన అయింది. వేలం మొదలైంది. తెచ్చిన పంటను అక్కడే పాడుకుంటారు, వచ్చింది చర్చికి పోతుంది. మైకు పట్టుకున్నది అక్క వాళ్ల అన్నే. కోళ్లు పోయాయి, మేకపోతు పోయింది, సొరకాయలు పోయాయి. మిగిలింది ఒక గుమ్మడికాయ. ఆయన మైకులో, ఇది ఆఖరుది, గిది కాంగనే బంతి అన్నాడు. అంతమందికి కలపాలంటే కొంత సేపు పడుతుంది. అక్క చెయ్యి ఊపింది. మేం సాసు పోసి మోచేతుల దాకా దింపి కలిపేశాం.

గుమ్మడికాయ ఒక రైతు పాడుకున్నాడు. మేం గంటెలు చేతిలోకి తీసుకున్నాం. అప్పుడు ఆ రైతు లేచి నిలబడి, నా తరఫున మల్ల దేవునికే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మడికాయ తిరిగి బల్ల మీదికి వచ్చింది. వేలం మళ్లీ మొదలు.

నాకు, పెద్దమ్మకు ఆ ఆచారం తెలియదు. అక్క వైపు చూశాను. ఆమె ముఖం కూడా నా ముఖంలాగే ఉంది.

"నేనెన్నడు వేలం దాక ఉండలే తమ్మీ," అంది. "ప్రార్థన కాంగనే బస్సెక్కి డ్యూటీకి పోయేదాన్ని."

ఈసారి గుమ్మడికాయను ఇంకో పెద్దమనిషి పాడుకున్నాడు. ఆయనా తక్కువ తినలేదు, మళ్లీ దేవునికే అన్నాడు. మొదటి రైతు మళ్లీ లేచాడు. వాళ్లిద్దరి పొలాల మధ్య ఒక గట్టు ఉందనీ, ఆ గట్టు గురించి వాళ్లు మాట్లాడుకోవడం మానేశారనీ నాకు ఎవరూ చెప్పలేదు. గుమ్మడికాయ చెప్పింది. ఇద్దరి వెనక రెండు కుటుంబాలు లేచి నిలబడ్డాయి. పోటీ పడుతున్నది దానం చేయడానికి కాబట్టి ఆపమని ఎవరూ అనలేరు. మైకులో అన్న గొంతు సంతోషంతో పగిలిపోతోంది. చెల్లెలి గది సంగతి పక్కనుంచండి, తన పేరే గుర్తున్నట్టు లేదు.

"బిడ్డా, ఊట ఊరుతుంది," అంది పెద్దమ్మ టబ్బులోకి చూస్తూ.

ఊరడం కాదు, నిండుతోంది. పొద్దున బిర్రుగా నిలబడిన కీర పోగులు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. సొరకాయ ఎప్పుడో పోయింది. క్యారెట్ కొంతసేపు పోరాడింది. చివరికి పాస్టరు గారు లేచి, గుమ్మడికాయను తానే పాడుకుని, ఇంకెవరైనా నోరు తెరిచేలోపు భోజనానికి ముందు చేసే ప్రార్థన మొదలుపెట్టారు. నేను చూసిన ప్రార్థనల్లో అంత సమయానికి వచ్చింది ఇంకోటి లేదు. మాకు మాత్రం అదీ ఆలస్యమే.

అక్క టబ్బులో చెయ్యి పెట్టి గుప్పెడు పైకెత్తింది. వేళ్ల మధ్య నుంచి జారిపోయాయి. ఆమె ఆసుపత్రిలో చాలామందిని చూసి ఉంటుంది, ఇక చేసేదేమీ లేదని ఎప్పుడు చెప్పాలో తెలుసు.

"పారబొయ్యి తమ్మీ."

పెద్దమ్మ కొంగు ముడి విప్పింది. "ఈ పిలగాని అయ్య పొయ్యి గాడ్నే ఉన్నది బిడ్డా. ఒక్క గంటెడు నూనె. నీళ్లన్న కమ్మగైతయి. నామాట ఇను."

ఆమె గొంతులో గెలుపు లేదు, బతిమాలుకోవడమే ఉంది. అక్క ఆ మూట మీద చెయ్యి పెట్టి మెల్లగా మూసింది.

"వద్దు పెద్దమ్మా. పోతె పచ్చిగనే పోనీ."

నేను టబ్బు ఎత్తుకుని బంతి పక్కనుంచి చెట్ల వైపు నడిచాను. బంతి మొదట్లో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పళ్లు లేవు, మటన్ వద్దంది, ముందు తెల్లన్నం మాత్రం ఆవిర్లు కక్కుతోంది. నా టబ్బులోకి మెడ సాచింది.

"ఏమయ్యా, గా పచ్చిపులుసు గిటు తే."

అవ్వా, ఇది పచ్చిపులుసు కాదు, ఆసియా పద్ధతి నూడుల్స్ అన్నాను. ఏదైతేంది పొయ్యి అంది. పోశాను. పారబోయాల్సింది నేల మీదైతేనేం, అన్నం మీదైతేనేం. ఆమె పిసికి, ఒక ముద్ద మింగి, ఇంకో ముద్ద మింగింది.

నిజం చెప్పాలంటే తప్పు ఆమెది కాదు. చింతపండు రసం, నువ్వులు, బెల్లం, పచ్చిమిర్చి, ఏదీ మేం ఉడికించలేదు. దాన్ని మా ప్రాంతంలో ఎవరికి చూపించినా ఏమంటారో, ఇన్నాళ్లూ రోజూ చేస్తూ కూడా మాకే తట్టలేదు.

"పులుపు మంచిగ పడ్డది," అంది ముసలమ్మ. "పోపే పెట్టలే. ఎవలు చేసిండ్రు, కొత్త కోడలా?" జవాబు కోసం ఆగకుండా విస్తరి ముందుకు జరిపింది. "ఇంకింత పొయ్యి."

నేను పోయలేదు. అక్కడే నిలబడి వెనక్కి తిరిగి అక్క కోసం చూశాను. అక్క వినేసింది. ఆమె పక్కన అన్న కూడా వినేశాడు. ఆయన వచ్చి టబ్బులోకి, విస్తరిలోకి మార్చి మార్చి చూసి, గట్టు తగాదా తీర్చేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"గిది నూడుల్స్ తిన్నట్టు గాదు చెల్లె. నీళ్లు పోసుకున్నట్టు."

ముసలమ్మ తలెత్తింది. చిన్నప్పుడు ఆయనకు చర్చిలో ఆదివారం బడి చెప్పింది ఆమేనట, ఆ సంగతి ఆమె గొంతులోనే తెలిసింది.

"ఏందిరా నీ లొల్లి? పొద్దటి సంది గుమ్మడికాయ పట్టుకొని ఒర్లితివి. నాకు ఆకలైంది. జరుగు, పొయ్యనియ్యి."

ఆయన జరిగాడు. నేను పోశాను. పక్క విస్తరి అడిగింది, దాని పక్కది అడిగింది. పాస్టరు గారి తెల్లంగీ మీద బీట్‌రూట్ చుక్కలు పడ్డాయి, ఆయన తుడుచుకుంటూనే మళ్లీ పెట్టించుకున్నారు. పెద్దమ్మ గంటె పట్టుకుని బంతి వెంట నడుస్తూ, పోపు లేనందుకు ప్రతి ఒక్కరికీ విడివిడిగా క్షమాపణ చెప్పింది. అన్న ఒక మూలన కూర్చుని పోగులు మాత్రం ఏరుకుని, తీర్పు చెప్పేవాడిలా నమిలాడు.

"మెత్తగున్నయి."

"పొద్దుగాల గట్టిగనే ఉండె అన్నా," అంది అక్క. "నీ గుమ్మడికాయ మెత్తగ జేసింది."

ఆయన ముఖం పక్కకు తిప్పుకుని విస్తరి ఆమె వైపు జరిపాడు. అక్క వడ్డించింది. కంగారులో కొంత విస్తరి అవతల పడింది. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు. నేను కూడా చూడలేదు, రాస్తున్నానంతే.

సాయంత్రం గుండిగలు కడిగే చోట అబ్బా నా పక్కన నిలబడి చేతులు తుడుచుకున్నాడు. నీ గడ్డి నా గోష్ కంటే ముందు ఖతమైంది అన్నాడు. మా ఇంట్లో దానికి మించిన పతకం లేదు. అది కూడా రెండోసారి అడిగితే చెప్పలేదు.

ఈ కథలో నీతి ఉందేమోనని నేను చాలా వెతికాను. పట్టుదల ఉంటే గెలుస్తారని చెబుదామంటే, మేం పట్టుబట్టింది నూడుల్స్ కోసం, గెలిచింది నీళ్లు. పెద్దల మాట వినమని చెబుదామంటే, ఆ రోజు పెద్దమ్మ మాట వినలేదు, అయినా బాగానే జరిగింది. ఒక్కటి మాత్రం చెప్పగలను. మీరు చేసేదానికి మీరు పెట్టిన పేరు జనం పిలవకపోవచ్చు. విస్తరి ముందుకు జరిపితే చాలు, పేరు గురించి వాదించకండి.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. గది ఉంచుకో అన్నాడు. టెంపో కదిలాక పక్కన నడుస్తూ, సగం అన్నాడు.

ఆ సగంలో జిరాక్స్ మిషన్ దిగింది. దాని దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలంటే, కీర తిప్పి తిప్పి భుజం పట్టేసిన నేనే రిటైరై ఇటు వచ్చాను. అవతలి సగంలో అక్క ఉంది. బోర్డు మీద నూడుల్స్ కింద పచ్చిపులుసు అని చేరింది. పోపు కావాలన్నవాళ్లకు పెద్దమ్మ చిన్న గిన్నెలో విడిగా ఇస్తుంది, ఇంటి దగ్గరే చేసి తెస్తుంది. ఆ తెల్ల బూట్లు ఇప్పుడు అక్క కాళ్లకే ఉంటాయి, కడిగే చోట నేల జారుతుందని.

జిరాక్స్ మిషన్‌కు తడి పడదు. కాగితం చెమ్మగిల్లితే లోపల ఇరుక్కుంటుంది. అందుకని కీర తరిగే బల్లను కిటికీ వైపుకు జరిపాం.